పనికి ముందు పని

మా క్లాసుకి ఎవరూ ఇష్టపడి రారు. కొత్తగా చేరిన టీచర్లకి నేను మొదటిరోజే చెప్పే మాట ఇది. కాలేజీల్లో పాఠాలు చెప్పి వచ్చినవాళ్లకి ఇది మింగుడుపడదు. అక్కడ ఫీజు కట్టి, మార్కుల కోసం కూర్చునే పిల్లలు. ఇక్కడ కూర్చున్నవాళ్లని నిరుద్యోగులకి భృతి ఇచ్చే జాబ్‌సెంటర్ పంపించింది. రాకపోతే భృతి కోసేస్తారేమోనని వచ్చినవాళ్లే ఎక్కువ. ఇంట్లో హీటర్ వేసుకునే ఖర్చు తప్పుతుందని వచ్చినవాళ్లూ ఉంటారు, ఆ మాట పైకి చెప్పరు.

తూర్పు లండన్‌లో, నిరుద్యోగ భృతి మీద బతుకుతున్నవాళ్లకి ఉద్యోగానికి కావలసిన కనీస నైపుణ్యాలు నేర్పడం నా పని. ఇంగ్లీషు చదవడం, రాయడం, లెక్కలు, కంప్యూటరు, ఇంటర్వ్యూలో నాలుగు ముక్కలు మాట్లాడటం. తెనాలిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆ అనుభవాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పెద్దవాళ్లకి పాఠం చెప్పే డిప్లొమా మళ్లీ మొదట్నుంచీ చదివి ఇందులో చేరాను. క్లాసులో పది పన్నెండు దేశాల మనుషులుంటారు. బంగ్లాదేశ్, సోమాలియా, రొమేనియా, పంజాబ్, ఘనా, వాళ్లతోపాటు తాతల నాటి నుంచీ ఈ పేటల్లోనే ఉన్న తెల్లవాళ్లు. అందరికీ వచ్చే భృతి మాత్రం దాదాపు ఒకటే.

ఆ భృతి సంగతి కొంచెం చెప్పాలి. నిరుద్యోగికి ప్రభుత్వమే పని వెతికిపెట్టే ఆఫీసులు ఈ దేశంలో 1910 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. లేబర్ ఎక్స్ఛేంజీలనేవారు. తెచ్చిన మంత్రి విన్‌స్టన్ చర్చిల్, ఆయన వెనక ఆలోచనంతా విలియం బెవరిడ్జ్‌ది. 1945లో యుద్ధం ముగిసి ఇళ్లకి చేరుతున్న సిపాయిలకి పనులు చూపించడానికి ఇదే ఏర్పాటు ఇండియాలోనూ పెట్టారు. మా నాన్న బీరువాలో సర్టిఫికెట్ల మధ్య దాచుకున్న ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీ కార్డు పుట్టుక అక్కడిదే. ఇక్కడ ఆ ఆఫీసులు పేర్లు మార్చుకుంటూ వచ్చి, 2002లో భృతి ఇచ్చే ఆఫీసులతో కలిసిపోయి జాబ్‌సెంటర్ ప్లస్ అయ్యాయి. పని చూపించేవాడూ డబ్బు ఆపగలిగేవాడూ ఒకే బల్ల వెనక కూర్చోవడం అప్పుడు బాగా స్థిరపడింది. ఆ బల్ల ఎదుట కూర్చున్నవాడు ఏది ఒప్పుకోవాలో, ఏది దాచాలో తేల్చుకోలేడు. "నాకు చదవడం సరిగా రాదు" అన్న మాట ఎన్నో ఏళ్లు బయటికి రాకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఇప్పుడున్నది యూనివర్సల్ క్రెడిట్. 2012లో చట్టం చేసి, 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ పక్కనున్న ఆష్టన్-అండర్-లైన్ అనే ఊళ్లో మొదలుపెట్టారు. అంతకుముందున్న ఆరు రకాల సాయాల్ని ఒక్కటి చేశారు. పాతికేళ్లు దాటిన ఒంటరి మనిషికి 2025-26లో నెలకి 400.14 పౌండ్లు, అద్దె సాయం దానికి అదనం. దరఖాస్తు పెట్టాక మొదటి డబ్బు చేతికి రావడానికి అయిదు వారాలు పడుతుంది. జాబ్‌సెంటర్‌లోని వర్క్ కోచ్‌తో ఒక ఒప్పందం రాసుకోవాలి. ఏ ఇబ్బందీ లేని మనిషైతే వారానికి 35 గంటల దాకా పని వెతకడమే పనిగా పెట్టుకోవాలి. ఏం వెతికిందీ ఆన్‌లైన్ జర్నల్‌లో రాయాలి. అంటే కంప్యూటర్ రాదు కాబట్టి పని దొరకని మనిషి, పని దొరకలేదని కంప్యూటర్‌లోనే చెప్పుకోవాలి.

నేర్పించడమంటే ఏమిటో తెలియాలంటే మొదటిరోజు చేసే పరీక్ష చూడాలి. అసెస్‌మెంటు అంటాం, భయపడతారని "చిన్న క్విజ్" అని చెబుతాం. ఇక్కడ పెద్దల చదువుని ఎంట్రీ 1, 2, 3, ఆ పైన లెవెల్ 1, లెవెల్ 2 అని మెట్లు కట్టారు. లెవెల్ 2 అంటే ఇక్కడి పదో తరగతిలాంటి జీసీఎస్‌ఈలో మంచి పాసుతో సమానం. 1999లో సర్ క్లౌస్ మోజర్ అధ్యక్షతన వచ్చిన నివేదిక ఇంగ్లండ్‌లో దాదాపు అయిదుగురిలో ఒకరికి పదకొండేళ్ల పిల్లవాడికి ఉండాల్సినపాటి అక్షరజ్ఞానం లేదని తేల్చింది. ఎల్లో పేజెస్ సూచికలో ప్లంబర్లు ఏ పేజీలో ఉన్నారో కనుక్కోలేరని అందులో ఉదాహరణ. ఎల్లో పేజెస్ పుస్తకం పోయింది. సూచిక చూడలేని మనుషులు పోలేదు, నా క్లాసులో ఉన్నారు.

వాళ్లని కనిపెట్టడం ఒక విద్య. చదవలేని మనిషి ఎప్పుడూ "నాకు రాదు" అనడు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానంటాడు. ఈ ఫారం ఇంటికెళ్లి తీరిగ్గా నింపుతానంటాడు, మర్నాడు అది భార్య చేతిరాతతో వస్తుంది. ఒకాయన చెయ్యి బెణికిందని కట్టు కట్టుకుని వచ్చేవాడు, ఆ బెణుకు రాయాల్సినప్పుడే నొప్పెట్టేది. ఇలాంటివాళ్లని నలుగురిలో అడగకూడదు. టీ విరామంలో, బయట సిగరెట్ కాల్చుకునే చోట, మామూలు కబుర్ల మధ్యలో అడగాలి. అందుకే సిగరెట్ వాసన పడకపోయినా ఆ గోడ పక్కన నిలబడటం అలవాటు చేసుకున్నాను.

కుర్రాళ్ల తంటా ఇంకోరకం. ఫోన్ చేతికొస్తే వాళ్ల వేళ్లు కనపడవు. అదే కుర్రాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, సీవీని సేవ్ చేసి ఈమెయిల్‌కి తగిలించి పంపమంటే బిక్కమొహం వేస్తాడు. ఫైలు ఎక్కడికి వెళ్లిందో తెలీదు. ఈమెయిల్ అడ్రసు పన్నెండో ఏట పెట్టుకున్నది, అందులో ఫుట్‌బాల్ జట్టు పేరో, ఇక్కడ రాయలేని మాటో ఉంటుంది. పాస్‌వర్డ్ గుర్తుండదు. మార్చుకోవాలంటే కోడు ఫోన్‌కి వస్తుంది, ఆ నంబరు నిరుడే పోయింది. ఒక పూటంతా పదిహేనుమంది పాస్‌వర్డ్‌లతోనే గడిచిపోవడం మా దగ్గర మామూలే. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు "ఈ పూట పాఠ్యాంశం ఏమిటి?" అని అడిగితే చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఆ పూట తర్వాతే వాళ్లు దేనికైనా దరఖాస్తు పెట్టగలుగుతారు.

ఇన్నేళ్లలో నాకు బలపడిన అభిప్రాయం ఒక్కటే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పని వచ్చు. పని దాకా వెళ్లే దారి రాదు. ఆ దారి ఏటేటా కష్టమవుతోంది. సూపర్‌మార్కెట్లో అరల్లో డబ్బాలు సర్దడానికి ఆన్‌లైన్‌లో అరగంట పైన పరీక్ష రాయాలి. "కస్టమర్ కోపంగా ఉన్నాడు, మీ తోటి ఉద్యోగి పిలుస్తున్నాడు, మేనేజరు అటు వెళ్లమన్నాడు, కింది నాలుగింటిలో మీరు అన్నిటికన్నా ముందు ఏది చేస్తారు, ఏది అసలు చేయరు?" ఇలాంటి ప్రశ్నలు. డబ్బాలు సర్దడానికి లెవెల్ 1 చదువు కూడా అక్కర్లేదు, ఆ ప్రశ్న అర్థం కావాలంటే లెవెల్ 2 కావాలి. ఈ తేడా పరీక్ష తయారుచేసిన కంపెనీలకి పట్టదు. మా గోడ మీద స్కిల్స్ బిల్డర్ అనే సంస్థ వాళ్ల పోస్టరు ఉంది. వినడం, మాట్లాడటం, సమస్యను పరిష్కరించడం, నలుగురితో కలిసి పనిచేయడం, ఇలా అవసరమైన నైపుణ్యాలు ఎనిమిది. మంచి జాబితానే. అయితే ఆ ఎనిమిదీ ఉన్న మనిషి కూడా ఆ అరగంట పరీక్షలో తప్పొచ్చు.

ఒక రొమేనియా మేస్త్రి సంగతి చెబుతాను. ఇరవయ్యేళ్లు తాపీ పట్టిన మనిషి. ఇక్కడ పెద్ద సైట్లలో కాలు పెట్టాలంటే నిర్మాణ పనివాళ్లకిచ్చే సీఎస్‌సీఎస్ కార్డు ఉండాలి. కూలి పనికైనా ఆకుపచ్చ కార్డు. అది రావాలంటే భద్రత మీద లెవెల్ 1 కోర్సు చేసి, నిర్మాణ రంగ శిక్షణ సంస్థ సీఐటీబీ వాళ్ల పరీక్ష పాసవ్వాలి. కంప్యూటర్ మీద 45 నిమిషాల్లో 50 ప్రశ్నలు. అతను అప్పటిదాకా తెలిసినవాళ్ల దగ్గర చిన్న చిన్న ఇళ్ల పనులు చేసుకునేవాడు, ఆ తెలిసినవాళ్లు ఊరు వదిలాక భృతి మీద పడ్డాడు. మా కిటికీలోంచి ఎదురు బిల్డింగుకి కట్టిన పరంజా కనిపిస్తుంది. ఒకరోజు దాన్ని చూసి, రెండో అంతస్తులో అడ్డగొట్టం ఒకటి తీసేశారు, ఎవడో పడతాడు అన్నాడు. అదే మనిషి మాక్ టెస్టులో పరంజా ప్రశ్నలు తప్పు పెట్టాడు. ప్రశ్న చదివి వినిపించే హెడ్‌ఫోన్లున్నాయి, అయినా విన్న వాక్యంలో మెలిక అతనికి పట్టుబడలేదు. "కిందివాటిలో ఏది చేయకూడనిది కాదు?" అని అడిగితే నాకే ఒక్క క్షణం పట్టింది.

అతనికి వ్యాకరణం చెప్పడం మానేశాను. పొద్దున్నే ఎదురు సైటు చూపించి, ఈరోజు అక్కడ ఏం తప్పు జరుగుతోందో చెప్పమనేదాన్ని. అతను తన ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను దాన్నే పరీక్షవాళ్ల ఇంగ్లీషులో బోర్డు మీద రాసేదాన్ని. మంటలార్పే సిలిండర్ల మీద పట్టీల రంగులు కూడా ఇలాగే. నీళ్లకి ఎరుపు, నురగకి మీగడ రంగు, పౌడరుకి నీలం, కరెంటు మంటలకి వాడే కార్బన్ డయాక్సైడుకి నలుపు. మా బిల్డింగులోనే అంతస్తు అంతస్తుకీ తిప్పి చూపించాను. సెక్యూరిటీ గార్డు మా వెనకే వచ్చి తనకి తెలియని ఒకటి తెలుసుకున్నాడు. మేస్త్రి పరీక్ష పాసయ్యాడు. క్రాయిడన్ వైపు ఏదో సైటులో ఉన్నాడని విన్నాను.

డాగెనం నుంచి వచ్చే పెద్దాయనది వేరే కథ. ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ అక్కడ 1931లో మొదలైంది. 1950ల్లో అందులో నలభై వేలమంది దాకా పనిచేసేవారు. 2002లో కార్లు బిగించడం ఆపేశారు, ఆ తర్వాత ప్రధానంగా ఇంజన్లే. ఈయన తండ్రి అక్కడే, ఈయన అక్కడే. తండ్రి ఫోర్‌మన్‌తో ఒక మాట చెబితే సోమవారం నుంచి డ్యూటీ, ఉద్యోగం దొరకడమంటే ఆయనకి తెలిసింది అంతే. ఆ తర్వాత వ్యాన్లు నడిపాడు, ఏజెన్సీల్లో చేశాడు, వెన్నునొప్పితో మానేశాడు. అరవై దాటాయి, పింఛను రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. ఏదైనా బడిలో కేర్‌టేకర్‌గా చేరాలని ఆశ. సీవీలో "మీ గురించి" అన్న చోట ఒకే వాక్యం రాశాడు, అర్థం ఏమిటంటే "చెప్పిన పని చేశాను."

ఇంటర్వ్యూ కోసం మేం స్టార్ అనే పద్ధతి నేర్పుతాం. పరిస్థితి ఏమిటి, నీ బాధ్యత ఏమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది, ఈ వరసలో చెప్పాలి. ప్రభుత్వం, ఆస్పత్రులు, బ్యాంకులు అందరూ ఇదే అడుగుతారు. నాకు ఈ పద్ధతి మీద గొప్ప ప్రేమేం లేదు, కానీ గేటు దగ్గర ఇదే అడుగుతున్నారు కాబట్టి నేర్పుతాను. దీంట్లో అందరూ తడబడేది మూడో ముక్క దగ్గర. మన దేశాల నుంచి వచ్చినవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకోవడం అప్రతిష్ఠ అనుకుంటారు. పైగా పెద్దవాళ్ల ఎదుట తల దించుకోవడం మర్యాద, ఇక్కడ దాన్ని నమ్మకం లేకపోవడం అనుకుంటారు. డాగెనం పెద్దాయన తెల్లవాడే, ఇంగ్లీషు ఆయన సొంత భాషే, అయినా ఆయనా అక్కడే ఆగిపోయాడు. సిగ్గుకి దేశంతో పనిలేదని అర్థమైంది. ఆయన్ని కూర్చోబెట్టి, లైను మీద ఒకరోజు ఎలా గడిచేదో చెప్పమన్నాను. బోల్టు సరిగా బిగియని కారుని శబ్దంతోనే పట్టేవాడట. ఎదటివాడు నవ్వుతాడేమోనని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదట. నేను రాసుకుంటూ పోయాను, ముప్పావుగంటలో మూడు పేజీలైంది. అందులోంచి కావలసిన నాలుగు సంగతులు ఆయనే ఏరాడు.

ఇంటి పని కూడా అనుభవమే, సీవీలో రాయండి అని కొంతమంది టీచర్లు ఆడవాళ్లకి చెబుతారు. నేను చెప్పను. వినడానికి బాగుంటుంది, కానీ పని ఇచ్చేవాడు దాన్ని చదివి పక్కన పెట్టేస్తాడని నాకు తెలుసు. పైగా ఫారంలో ఇద్దరు రెఫరెన్సులు కావాలంటారు, చుట్టాలు పనికిరారు. పదేళ్లు పిల్లల్ని పెంచిన మనిషి ఎవరి పేరు రాస్తుంది? అందుకే వాళ్లని వారానికి రెండు పూటలు ఛారిటీ షాపులోనో, బడి లైబ్రరీలోనో ఊరికే పనిచేయమంటాను. రెండు నెలల్లో ఒక మేనేజరు పేరు దొరుకుతుంది, ఆ మేనేజరు నాలుగు వాక్యాలు రాస్తుంది. సిల్హెట్ నుంచి వచ్చిన ఒకావిడ అలాగే చేసింది. సంచుల్లో వచ్చే పాత బట్టల్లో ఏవి అమ్ముడుపోతాయో షాపువాళ్ల కంటే ఆమే ముందు చెప్పేదట.

లెక్కల పాఠం అంటే క్లాసు మొత్తం మొహం తిప్పుకుంటుంది. శాతాలంటే మరీ. కానీ యూనివర్సల్ క్రెడిట్‌లోనే ఒక శాతం ఉంది, దాన్ని పట్టుకుంటే ఎవరూ నిద్రపోరు. జీతం వచ్చినప్పుడు పౌండుకి 55 పెన్నీల చొప్పున భృతి తగ్గుతుంది. 2021 దాకా అది 63 పెన్నీలుండేది. పిల్లలున్నవాళ్లకి, జబ్బుతో ఉన్నవాళ్లకి కొంత జీతం లెక్కలోకి తీసుకోరు. 2025-26లో అద్దె సాయం ఉంటే నెలకి 411 పౌండ్ల దాకా, లేకపోతే 684 దాకా. మిగతావాళ్లకి అదేం లేదు, మొదటి పౌండు నుంచే కోత.

బోర్డు మీద ఒక రోజు పని లెక్క వేస్తాం. 2025-26లో 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం గంటకి 12.21. నాలుగు గంటల షిఫ్టు చేస్తే 48.84. అందులో 55 శాతం భృతిలోంచి పోతే మిగిలేది 21.98. లండన్ బస్సు టికెట్ అప్పుడు 1.75, రానూ పోనూ 3.50. చేతిలో 18.48. గంటకి నాలుగున్నర పౌండ్ల పైచిల్లర. ఈ అంకె బోర్డు మీద పడగానే క్లాసు మారిపోతుంది. కాలిక్యులేటర్ ముట్టుకోనన్నవాళ్లు కూడా నా లెక్క తప్పని నిరూపించడానికి ఫోన్లు తీస్తారు. ఎనిమిది గంటలైతే? రెండో బస్సు గంటలోపు ఎక్కితే ఉచితం కదా, అది కలిపారా? సైకిలైతే? కొందరు ఇంతమాత్రానికి ఎందుకు పోవాలంటారు. ఒకతను "అయినా నేను పోతాను, ఇంట్లో ఉంటే మా అన్న మొహం చూడలేను" అన్నాడు. నేను పని చేయడం ఎప్పుడూ లాభమే అని ఉపన్యాసం ఇవ్వను. లెక్క వేయడం నేర్పుతాను. దాన్ని చూశాక వద్దనుకునే హక్కు వాళ్లకి పూర్తిగా లేదని, ఒప్పందం ప్రకారం తగిన పని వస్తే చేరాల్సిందేనని కూడా చెబుతాను.

నాకు ఇబ్బందిగా ఉండేది హాజరు పట్టీ. నేను రాసిన గైర్హాజరు వర్క్ కోచ్‌కి వెళుతుంది, సరైన కారణం లేదనుకుంటే శాంక్షన్ పడొచ్చు, అంటే భృతి కొన్నాళ్లు కోస్తారు. పాఠం చెప్పే మనిషి చేతిలో ఉండకూడని అధికారం ఇది. పట్టీలో గీత పెట్టేముందు ఫోన్ చేస్తాను. బిడ్డకి జ్వరం, ఆస్పత్రి అపాయింట్‌మెంటు, ఏదో ఒకటి ఉంటుంది. అది వెంటనే జర్నల్‌లో రాయమని చెబుతాను. ఆ రెండు వాక్యాలు రాయడం కూడా ఇంగ్లీషు పాఠమే.

ఆలస్యాల సంగతి వేరు. ఉద్యోగం లేనివాడికి టైమంతా ఉంది కదా, ముందే రావచ్చు కదా అని బయటివాళ్లు అంటారు. వియన్నా దగ్గర మారియంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడ్డాక మారీ యహోదా, ఆమె తోటివాళ్లు వెళ్లి ఆ ఊరిని అధ్యయనం చేశారు, 1933లో పుస్తకం వేశారు. మగవాళ్లు వీధిలో నడిచే వేగాన్ని కూడా గడియారం పట్టి చూశారు. పనిలేని మగవాళ్లు మెల్లగా నడిచి మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. వంటా పిల్లలూ ఉన్న ఆడవాళ్ల నడక అలా లేదు. ఆ పుస్తకం చదివాక తొమ్మిదిన్నర క్లాసుకి పదింపావుకి వచ్చే మనిషి మీద నాకు కోపం తగ్గింది. పని ఉన్నవాడికే టైము విలువ తెలుస్తుంది. మొదటి వారం చూసీ చూడనట్టు ఊరుకుంటాను, రెండో వారం నుంచి ఊరుకోను.

మేం ఎక్కువగా నడిపేది 2011లో వచ్చిన ఎస్‌డబ్ల్యూఏపీ అనే ప్రభుత్వ పథకం కోర్సులు. ఆరు వారాలకి మించవు. కొంత శిక్షణ, అవసరమైతే కొన్నాళ్లు పని అనుభవం, చివర్లో కచ్చితంగా ఒక ఇంటర్వ్యూ. ఉద్యోగం గ్యారంటీ కాదు, ఇంటర్వ్యూ మాత్రమే గ్యారంటీ. ఈ తేడా మొదటిరోజే నాలుగుసార్లు చెప్పాలి, లేకపోతే చివరిరోజు గొడవ. అదే 2011లో మొదలైన వర్క్ ప్రోగ్రామ్ అనే పథకంలో శిక్షణ సంస్థలకి డబ్బు ఎక్కువగా మనిషి ఉద్యోగంలో నిలిచాకే వచ్చేది. దాంతో తేలిగ్గా పని దొరికేవాళ్ల మీద శ్రద్ధ పెట్టి, కష్టమైనవాళ్లని ఒక మూల కూర్చోబెట్టడం జరిగిందని పరిశోధకులు రాశారు. నేను అప్పట్లో పనిచేసిన ఒక సంస్థలో ఎంట్రీ 1 వాళ్ల కుర్చీలు కిటికీ పక్కన వెనక వరసలో ఉండేవి, వాళ్లకి రోజూ ఒకే వర్క్‌షీటు. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు.

మన తెలుగువాళ్లు ఈ క్లాసులో తక్కువ. వీసా మీద వచ్చినవాళ్లలో చాలామందికి పబ్లిక్ ఫండ్స్ ముట్టుకునే హక్కు లేదు, జీతంలోంచి అన్నీ కోసుకున్నా అంతే. శాశ్వత నివాసం వచ్చాక ఆ హక్కు వస్తుంది. వచ్చినా అడగరు. ఒకసారి యాభై దాటిన ఒకాయన కూర్చున్నారు, ఇస్త్రీ చొక్కా, లాప్‌టాప్ బ్యాగు. రెండోరోజు టీ దగ్గర నా బ్యాడ్జి చూసి మెల్లగా అడిగారు.

"తెలుగువాళ్లేనాండీ?"

"అవునండీ, తెనాలి."

"మాది ఏలూరు పక్కన." కాసేపాగి, "మనవాళ్లెవరికీ తెలీదమ్మా. పిల్లలక్కూడా. పొద్దున్నే ఆఫీసుకని ఈ బ్యాగు వేసుకునే బయల్దేరతాను" అన్నారు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం పోయి చాలా నెలలైంది. చేతిలో పొదుపు పదహారువేల పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు, ఆయనకి అంతకంటే ఎక్కువే ఉంది. కాబట్టి తనకేమీ రాదనుకుని, భృతి అడగకుండానే క్లాసుకి వచ్చి కూర్చున్నారు. పొదుపుతో సంబంధం లేకుండా, కట్టిన నేషనల్ ఇన్సూరెన్సుని బట్టి ఆరు నెలలు ఇచ్చే న్యూ స్టైల్ జేఎస్‌ఏ ఒకటుందని చెప్పాను. 2025-26లో పాతికేళ్లు దాటినవాళ్లకి వారానికి 92.05 పౌండ్లు.

"దానం తీసుకోవడం అలవాటు లేదమ్మా."

"దానమేమిటండీ, ఇన్నేళ్లూ మీ జీతంలోంచి ప్రతి నెలా కోసుకున్నదే కదా. కారుకి ఇన్సూరెన్సు కట్టి, గుద్దేశాక అడగడం దానమా?"

ఆయన సీవీ ఆరు పేజీలు. పుట్టినతేదీ, తండ్రిగారి పేరు, పాస్‌పోర్టు నంబరు, చివర "పైన రాసినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న వాక్యం, కింద సంతకం. రెండు పేజీలకి కుదించమంటే బాధపడ్డారు. "ఇన్నేళ్ల పని రెండు పేజీలా?" అన్నారు. మొదటి పేజీ పైభాగం తప్ప చదివేవాళ్లు లేరని నేను చెప్పిన మాటకి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కుదించారు, కుదించింది నాకంటే బాగా కుదించారు. కాంట్రాక్టు పని దొరికి వెళ్లిపోయారు. ఆ ఏడాది ఉగాది సంబరాల్లో భోజనాల వరసలో ఎదురుపడితే, పక్కన నలుగురుండగా, "నమస్తే అండీ, మీరేం చేస్తుంటారు?" అన్నారు. "టీచర్నండీ" అన్నాను. పచ్చడి ఎవరు చేశారో గానీ చాలా బాగుందన్నారు.

కోర్సు ఆఖరిరోజు సర్టిఫికెట్లు, ఫోటోలు, సమోసాలు. నేను మాత్రం ఆరోజు కూడా ఒక పాఠం పెట్టుకుంటాను, క్యాలెండర్ పాఠం. ఇక్కడ చాలా సూపర్‌మార్కెట్లు, క్లీనింగ్ కంపెనీలు జీతం నెలకోసారి కాకుండా నాలుగు వారాలకోసారి ఇస్తాయి. ఏడాదికి పదమూడు జీతాలు. యూనివర్సల్ క్రెడిట్ నెల లెక్కన చూస్తుంది. ఏడాదిలో ఒకసారి రెండు జీతాలు ఒకే నెల లెక్కలో పడతాయి, ఆ నెల భృతి బాగా తగ్గిపోతుంది, కొందరికి సున్నా అవుతుంది. అది ఏ నెలో ఎవరికి వాళ్లు క్యాలెండర్ మీద వారాలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకోవాలి.

సిల్హెట్ ఆవిడకి సూపర్‌మార్కెట్లో తెల్లవారుజాము షిఫ్టు దొరికింది. కొన్ని నెలలకి ఫోన్ చేసింది.

"టీచరమ్మా, మీరు చెప్పిన నెల ఇదే. సగానికి సగం కోసేశారు."

"మొదటి జీతంలో కొంత పక్కన పెట్టమన్నాను కదమ్మా, దాంతో అద్దె కట్టెయ్."

"అది పెద్దదాని స్కూలు ట్రిప్పుకి కట్టేశాను."

అద్దె ఆలస్యమవుతుందని ఇంటివాళ్లకి చెప్పాలి. ఫోన్‌లో మాట్లాడితే కంగారులో ఏదో ఒకటి ఒప్పేసుకుంటానంది. అయితే ఈమెయిల్ పెడదామన్నాను. ఆ మధ్యాహ్నం క్లాసయ్యాక వచ్చింది, ఎంత బాకీ, ఎందుకు, ఏ తేదీకి ఎంత కడుతుంది అన్నీ ఆమే రాసింది. నేను రెండు స్పెల్లింగులు దిద్దాను. తేదీ విషయంలో మాత్రం నా మాట వినలేదు. నేను ఇరవై ఎనిమిది అంటే, జీతం శుక్రవారం పడుతుంది, బ్యాంకులో సోమవారం కనపడుతుంది, ముప్పై ఒకటే రాస్తానని రాసింది.